పక్కనున్న ఫోనుకి ఏడు సముద్రాలు దాటాలా?

జహీరాబాద్ బస్టాండులో ఒకే బెంచీ మీద ఇద్దరు కూర్చున్నారనుకోండి. ఒకాయన ఫోన్లో మేనకోడలి పెళ్ళి ఫొటోలున్నాయి. పక్కాయనకు అవి కావాలి. ఏమంటాడు? ‘వాట్సప్‌ల పెట్టు బావా’ అంటాడు. ఇక చూడండి తమాషా! ఫొటో ఆ ఫోన్లోంచి బయల్దేరి సెల్ టవరెక్కుతుంది. అక్కణ్ణించి కేబుళ్ళ గుండా ఎక్కడో ఉన్న సర్వర్‌కి పోతుంది. మళ్ళీ వెనుదిరిగి, అదే టవర్ దిగి, జానెడు దూరంలో ఉన్న రెండో ఫోన్లోకి వస్తుంది. అంత దూరం వెళ్ళొచ్చేసరికి చిక్కిపోతుంది కూడా. ఎందుకంటే మామూలుగా పంపే ఫొటోల్ని వాట్సప్ ముందే కుదించేస్తుంది. ఫోన్లో చూస్తే తేడా తెలియదు. ఫ్రేము కట్టిద్దామని స్టూడియోకి తీసుకెళ్ళినప్పుడు తెలుస్తుంది, పెళ్ళికూతురి ముఖం మసకబారిందని. పైగా ఇద్దరి డేటా ఖర్చు. ఆ పూట సిగ్నల్ లేదంటే అసలు పనే కాదు.

పక్కింటికి గిన్నెడు పప్పు ఇవ్వడానికి ఎవరూ పార్సిల్ ఆఫీసుకి వెళ్ళరు కదా! ఈ విషయం ఫోన్లకి ఎప్పుడో తెలుసు. మనమే మర్చిపోయాం.

కాస్త వెనక్కి వెళ్దాం. 2000 తర్వాత తొలి ఏళ్ళలో వచ్చిన కొన్ని ఫోన్లకి నెత్తిమీద నల్లటి చిన్న కిటికీ ఉండేది, గుర్తుందా? అదే ఇన్‌ఫ్రారెడ్. టీవీ రిమోట్‌లో ఉండే కంటికి కనపడని వెలుగే అది. రెండు ఫోన్లనీ బల్లమీద ఎదురెదురుగా పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. మధ్యలో ఎవరి చెయ్యైనా అడ్డొచ్చిందా, పాట సగంలో తెగిపోయేది. ఆ తర్వాత బ్లూటూత్ వచ్చి ఈ బాధ తప్పించింది. ఇది వెలుగు కాదు, రేడియో తరంగం. జేబులో ఉన్నా, గోడకి అటుపక్క ఉన్నా అందుకుంటుంది. మామూలు ఫోన్లలో పది మీటర్ల దాకా పనిచేస్తుంది. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏకం చేసిన హెరాల్డ్ అనే రాజుగారి మారుపేరు ‘బ్లూటూత్’. వేర్వేరు కంపెనీల పరికరాలను కలుపుతుంది కాబట్టి దీనికి ఆయన పేరు పెట్టారు. రాజుగారి పన్ను నిజంగా నీలంగా ఉండేదో లేదో మనకనవసరం.

మరి బ్లూటూత్ నిదానం. ఆ రోజుల ఫోన్లలో ఐదు ఎంబీ పాట వెళ్ళడానికి అరనిమిషం పట్టేది. ఒక జీబీ సినిమా పంపాలంటే గంట దాటేది. అందుకే మన ఊళ్ళలో అసలు రాజ్యమేలింది బ్లూటూత్ కాదు, మెమరీ కార్డు. గోరంత కార్డు! సెల్ రిపేరు షాపు ముందు ‘ఇచ్చట పాటలు ఎక్కించబడును’ అని బోర్డు. పది రూపాయలో ఇరవయ్యో ఇస్తే షాపబ్బాయి తన కంప్యూటర్లోంచి కార్డు నిండా నింపిచ్చేవాడు. కాపీరైటు చట్టం ముందు అది దొంగసరుకే, సమర్థించడం లేదు. కానీ ఇంటర్నెట్టంటే ఏమిటో తెలియని లక్షలమంది అలాగే డిజిటల్ లోకంలోకి అడుగుపెట్టారన్నది కూడా నిజమే. ఇది మన దగ్గరే కాదు. ఇంటర్నెట్ అందని క్యూబాలో వారం వారం ఒక టెరాబైటు దాకా సినిమాలు, సీరియళ్ళు, పత్రికలు హార్డ్ డిస్కుల్లో నింపి ఇంటింటికీ చేరవేసేవారు. దేశమంతటికీ అదే ఇంటర్నెట్!

ఇంతకీ జహీరాబాద్ పేరుతో ఎందుకు మొదలుపెట్టానంటే, సమాచారాన్ని వైర్లూ టవర్లూ లేకుండా చేతులు మార్చడంలో ఈ ప్రాంతం అందరికంటే ముందుంది. అదీ మొబైల్ ఫోన్లు ఊళ్ళకి రాకముందే.

జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. 1983లో మొదలైన సంస్థ. దీని వెనకున్న పి.వి. సతీశ్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసరుగా పనిచేశారు. 2023లో కన్నుమూశారు. చిరుధాన్యాల మీద, పాత విత్తనాల మీద ఈ సంస్థ చేసిన పని మీకు తెలిసే ఉంటుంది. నేను చెప్పబోయేది మరో సంగతి. 1998లో, యునెస్కో సాయంతో, ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో ఒక రేడియో స్టూడియో తయారైంది. మాట్లాడేవాళ్ళూ, రికార్డు చేసేవాళ్ళూ ఆ చుట్టుపక్కల ఊళ్ళ దళిత మహిళలే. అల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ... ఇలా. అంతా సిద్ధం. ఒక్కటే లేదు. గాల్లోకి వదలడానికి లైసెన్సు!

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది. తీర్పు తీర్పే, అనుమతి అనుమతే. అప్పటికి పల్లె సంఘాలకి రేడియో నడిపే హక్కిచ్చే విధానమే లేదు. మరి స్టూడియోకి తాళం వేసుకోవాలా? ఆ మహిళలు అలా చేయలేదు. కార్యక్రమాల్ని కాసెట్లలోకి ఎక్కించారు. కాసెట్ల ద్వారా ఊరూరి సంఘాలకి అందించారు. సంఘం మీటింగులో టేప్ రికార్డరు పెట్టి వినిపించారు. నాట్ల పాటలు, పంటల ముచ్చట్లు, ఇంటి వైద్యాలు, అన్నీ వాళ్ళ యాసలోనే. ‘ప్రసారం’ చేయనివ్వకపోతే ‘పంపిణీ’ చేశారన్నమాట!

ఒకటీ రెండూ కాదు, పదేళ్ళు అలాగే నడిచింది. 2006లో కేంద్రం విధానం మార్చి స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతించింది. 2008 అక్టోబర్ 15న, గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాల్లోకెక్కింది. ప్రారంభించిందెవరో తెలుసా? 1995 తీర్పిచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్. న్యాయమూర్తి తన తీర్పు మాటలు నేర్చి పాట పాడటాన్ని పదమూడేళ్ళ తర్వాత చెవులారా విన్నారు. ఇలాంటి అదృష్టం ఎంతమంది న్యాయమూర్తులకి దక్కుతుంది చెప్పండి!

ఎఫ్‌ఎం అంటే ఫోన్లకూ సంబంధం ఉంది. చాలా ఫోన్ల లోపల ఎఫ్‌ఎం రేడియో వినే ఏర్పాటు ఉంటుంది. దానికి డేటా అక్కర్లేదు, రీచార్జి అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. ఇయర్‌ఫోన్ల తీగే యాంటెనా. అయితే ఫ్యాషన్ పేరుతో కొత్త ఫోన్లలో ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం ఎత్తేస్తున్నారు. తీగ పోతే రేడియో కూడా పోయినట్టే. ఈ సౌకర్యాన్ని మూసేయవద్దని కేంద్ర ప్రభుత్వం 2023లో ఫోన్ల కంపెనీలకు సూచించింది కూడా. తుపాను వచ్చి టవర్లు పడిపోయిన రోజున ఆ సౌకర్యం విలువ తెలుస్తుంది. కాబట్టి కొత్త ఫోను కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళని అడిగే నోటితోనే ఎఫ్‌ఎం ఉందా అని కూడా అడగండి.

సరే, బెంచీ మీద బావల సంగతికొద్దాం. ఇప్పుడు వాళ్ళేం చేయాలి? ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘క్విక్ షేర్’ అనేది ఉంటుంది. మొదట ‘నియర్‌బై షేర్’ అనేవారు. 2024లో శామ్‌సంగ్ వాళ్ళ దానితో కలిపి పేరు మార్చారు. ఇందులో బ్లూటూత్ పని పలకరింపు వరకే, అంటే పక్కనున్న ఫోన్ని కనిపెట్టడం. ఆ తర్వాత సరుకు మోసేది వైఫై. వైఫై అనగానే ఇంటర్నెట్ అనుకోకండి! ఇక్కడ రెండు ఫోన్లూ తమలో తాము వైఫై కలుపుకుంటాయి, అంతే. గంటకు పైగా పట్టే ఆ ఒక జీబీ నిమిషం, రెండు నిమిషాల్లో చేరిపోతుంది. ఫొటో కూడా తీసింది తీసినట్టే వస్తుంది. ఐఫోన్ల మధ్య ఇదే పనిని ఎయిర్‌డ్రాప్ చేస్తుంది. చాలాకాలం ఈ రెండు కులాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలే ఉండేవి కావు. 2025 చివర్లో గూగుల్ తన పిక్సెల్ 10 ఫోన్లతో ఆ గోడకి కన్నం పెట్టింది.

‘మేం షేరిట్ వాడేవాళ్ళం కదా’ అంటారా? అదీ ఈ పద్ధతిలోనిదే. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో షేరిట్, క్సెండర్ రెండూ పోయాయి. బయటి సైట్లలో ఇప్పటికీ దొరుకుతున్నాయని ఎవరైనా చెబితే ఆ జోలికి వెళ్ళకండి. ఫోన్లో ఉన్న దానితోనే పనవుతున్నప్పుడు ఎందుకొచ్చిన గొడవ?

జాగ్రత్త ఒకటుంది. మీ ఫోను ‘అందరికీ కనిపించేలా’ ఎప్పుడూ ఉంచకండి. పనున్న ఆ పది నిమిషాలే తెరవండి. బస్సులో, సినిమాహాల్లో ఎవరో తెలియని ఫోను ‘తీసుకుంటారా?’ అని అడిగితే వద్దనండి. 2004లో కాబిర్ అనే వైరస్ బ్లూటూత్ మీదుగా ఫోను నుంచి ఫోనుకి పాకింది. అదీ తలుపు బద్దలు కొట్టుకుని రాలేదు. మర్యాదగా అడిగే వచ్చింది. జనం ఏమిటో చూద్దామని ‘సరే’ నొక్కారు!

ఇక ఫొటోలకంటే విలువైన సరుకు ఒకటి మీ ఇంట్లో ఉండే ఉంటుంది. అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాటో, తాత చెప్పిన కరువు కథో ఏదో ఫోన్లో రికార్డయి ఉంటుంది. ఆ ఫోను బ్యాటరీ ఉబ్బిపోయి బీరువాలో పడుంటుంది. ముందు దానికి ఓ దారి చూడండి. బాగుచేసేవాళ్ళ చేత తెరిపించి, ఆ గొంతును ఒక కార్డులోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి దించండి. టైప్-సి పెన్‌డ్రైవ్‌ను చాలా ఫోన్లకి నేరుగా గుచ్చవచ్చు, కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి చెల్లెలి దగ్గర. పైన పేరు, ఊరు, సంవత్సరం రాసి పెట్టండి. అలాగని దాచి మర్చిపోవద్దు. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి ఉంచితే ఈ కార్డుల్లోనూ జ్ఞాపకం చెరిగిపోతుంది. బూడిద కలిపి, వేపాకు వేసి దాచిన విత్తనాల బుట్టను విప్పి చూసుకున్నట్టే, ఏటా సంక్రాంతికి ఓసారి ఫోనుకి తగిలించి పాట మోగుతుందో లేదో చూసుకోండి.