బ్రూనై నిలిచింది, ఉదయగిరి జాగీరు పోయింది

శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్టు జాడ తీసే కేంద్రాల్లో ఒకటి బ్రూనైలో ఉంది. 2024 సెప్టెంబరులో మన ప్రధాని ఆ దేశం వెళ్ళినప్పుడు ఈ కేంద్రం గురించి కూడా ఒప్పందం కుదిరింది. అంతకుముందు ఏ భారత ప్రధానీ ద్వైపాక్షిక పర్యటనకు అక్కడికి వెళ్ళలేదు. మన పాత నెల్లూరు జిల్లాలో సగమైనా లేని దేశమది. జనం సుమారు నాలుగున్నర లక్షలు. మలేషియా, ఇండోనేషియాల పక్కన ఇంత చిన్న సల్తనతు ఎలా నిలిచింది?

చమురుంది కాబట్టి అంటారు చాలామంది. కానీ సెరియాలో చమురు పడింది 1929లో. అంతకు నలభై ఏళ్ళ ముందే బ్రూనై దాదాపు అంతమయ్యే స్థితికి వచ్చింది.

ఒకప్పుడు బోర్నియో తీరంలో చాలా భాగం ఆ సుల్తానులదే. 1841లో జేమ్స్ బ్రూక్ అనే ఇంగ్లీషువాడు తిరుగుబాటు అణచడానికి సాయపడి, ప్రతిఫలంగా సారవాక్ అధికారం పొందాడు. తర్వాత అతనూ, అతని మేనల్లుడు చార్లెసూ ఒక్కొక్క నదీ లోయనూ కలుపుకుంటూ పోయారు. 1888లో సుల్తాను బ్రిటిష్ రక్షణ కిందికి వచ్చాడు. రక్షణ ఎంతటిదంటే, రెండేళ్ళకే, 1890లో, చార్లెస్ బ్రూక్ లింబాంగ్‌ను లాక్కుంటే రక్షకులు చూస్తూ ఊరుకున్నారు! దాంతో దేశం రెండు ముక్కలైంది. 2020లో సముద్రంపై వంతెన వేసేదాకా ఒక ముక్క నుంచి రెండోదానికి రోడ్డున పోవాలంటే మలేషియా దాటాల్సిందే. 1906లో రెసిడెంటు వచ్చాడు. మత విషయాలు తప్ప మిగతావాటిలో ఆయన సలహాయే ఆజ్ఞ. హైదరాబాదు చరిత్ర తెలిసినవారికి రెసిడెంటు సంగతి వేరే చెప్పాలా?

అయినా బ్రూనై పేరు పటంలో మిగిలింది. మన కొండ కింద అలా జరగలేదు. ఉదయగిరిని ఆర్కాటు నవాబు ముస్తఫా అలీ ఖాన్‌కు జాగీరుగా ఇచ్చాడు. 1801లో కర్ణాటక పాలన కంపెనీ చేతికి పోయినా జాగీరు ఆ వంశంలోనే సాగింది. 1839లో హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా మీద, కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ మీద కుట్ర అభియోగం వచ్చింది. కర్నూలు కోటలో ఆయుధాలు దొరికాయి. నవాబును తిరుచిరాపల్లికి పంపారు, మరుసటి ఏడు అక్కడే హతుడయ్యాడు. ఆ కుట్రలో చేయి ఉందంటూ ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్‌ను చెంగల్పట్టుకు తరలించి, జాగీరు లాగేసుకున్నారు. ఆత్మకూరు నుంచి బస్సులో పోతూ ఆ కొండను చూసే మన పిల్లల్లో ఎందరికి ఈ పేరు తెలుసు?

జాగీర్దారు సుల్తాను కాడు, ఆ తేడా ఉంది. కానీ అసలు కారణం వేరని నా అభిప్రాయం. 1888లో ఆ సముద్రంలో ఫ్రెంచివారు, జర్మనులు తిరుగుతున్నారు. వారిని దూరం పెట్టడానికి ఇంగ్లీషువారికి ఒక సుల్తాను కావలసి వచ్చాడు. 1839 నాటికి దక్కనులో కంపెనీకి పోటీ ఎవరూ లేరు. అబ్బాస్ అలీ ఖాన్ అవసరం ఎవరికీ లేదు.

1962 ఎన్నికల్లో బ్రూనై ప్రజాపార్టీ గెలిచింది. డిసెంబరులో తిరుగుబాటు చేసింది. సింగపూరు నుంచి వచ్చిన గూర్ఖా దళాలు అణచివేశాయి. మరుసటి ఏడు సుల్తాను ఉమర్ అలీ సైఫుద్దీన్ మలేషియాలో చేరనన్నాడు. చమురు ఆదాయం, సుల్తానులలో తన స్థానం, రెండూ ఆయనకు ముఖ్యం. 1984 జనవరి 1న స్వతంత్రం వచ్చింది, వారంలోపే ఆసియాన్‌లో చేరారు. 1962 నాటి అత్యవసర పరిస్థితి మాత్రం పొడిగింపులతో కొనసాగుతూనే ఉంది. పన్నుల బాధ లేదు, వైద్యం దాదాపు ఉచితం, పాలకుణ్ణి ఎన్నుకునే హక్కు లేదు. ఈ బేరాన్ని మెచ్చుకునేవారు మనలోనూ ఉన్నారు, నేను వారిలో లేను.

లింబాంగ్ మాట నేటికీ తేలలేదు. 2009లో ఇరుదేశాలూ లేఖలు మార్చుకున్నాక, బ్రూనై హక్కు వదులుకుందని మలేషియా ప్రకటించింది. ఆ ప్రస్తావనే రాలేదని బ్రూనై బదులిచ్చింది.