పచ్చిక కింద సీసం

యమునా వరద మైదానంలో తినే పంటలు వేయొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 జనవరిలో ఆదేశించింది. కూరగాయల్లోకి సీసం లాంటి భారలోహాలు చేరుతున్నాయన్నది కారణం. సరే, ఆ లోహాలు పోసిందెవరు? పాలకూర పండించిన కౌలు రైతా, నజఫ్‌గఢ్ నాలాలోకి మురుగు వదిలిన నగరమా? బుల్డోజర్ మాత్రం రైతు గుడిసె మీదికే వెళ్లింది. అదే మైదానంలో డీడీఏ అసితా, బాన్‌సేరా పార్కులు కట్టి మురిసిపోతోంది.

సీసం కుళ్లదు, ఆవిరవదు. సీసం కలిపిన పెట్రోలు 2000 నాటికి దేశమంతటా ఆగింది; అప్పటిదాకా రోడ్ల పక్క మట్టిలో చేరినది దశాబ్దాలు ఉంటుంది. పచ్చిక పరిస్తే కనబడదు, అంతే.

'మానవ కార్యకలాపాల వల్ల కాలుష్యం' అని రాస్తాయి మన పరిశోధనా పత్రాలు. ఏ మానవులు? ఆ మాటలో ఫ్యాక్టరీ యజమానీ, వెళ్లగొట్టిన రైతూ ఒక్కటే. పొద్దున గంటసేపు నడిచేవారి ముప్పును లెక్కగడతాం. రోజంతా ఉత్త చేతులతో ఆ మట్టి తవ్వే తోటమాలి, ఆ దుమ్ము ఊడ్చే సఫాయి కార్మికురాలు ఏ పట్టికలో ఉన్నారు? వాళ్ల కులమేమిటో నన్నడగకండి, మీ క్యాంపస్‌లో ఊడ్చేవారిని అడగండి.

ప్రతి పార్కు మట్టి పరీక్ష ఫలితం గేటు మీద హిందీలో రాసిపెట్టాలి. అక్కడ పనిచేసేవారి రక్తంలో సీసమెంతో డీడీఏ తన ఖర్చుతో పరీక్ష చేయించాలి. రైతులకు పరిహారం మురుగు వదిలినవారి నుంచే వసూలు చేయాలి.