మూడవ అభ్యర్థియు రైతుల వోటును

గడచిన మాసమున పల్నాటి సరిహద్దునగల యొక గ్రామమునకు మిరప తోటలలోని నల్ల తామరపురుగును గూర్చి చెప్పుటకై పోయియుంటిమి. 2021వ సంవత్సరమున ఆ పురుగు మన ప్రాంతముపై బడి పూతనెల్ల మాడ్చివేసిన నాటినుండి ఆ యూరివారు మా మాటలను శ్రద్ధతో వినుచుందురు. ఆనాడు మాత్రము జిగురు అట్టలను గూర్చి మేము సగము చెప్పకమున్నే యొక వృద్ధ రైతు లేచి, “అయ్యా, పురుగు మాట రేపు విందుము. ప్రత్తికి మద్దతు ధరయైన గలదు. మిరపకు అదియును లేదు. 2025లో ధర పడిపోయినపుడు క్వింటాలునకు రూ. 11,781లని ప్రకటించుటకే ఢిల్లీ వఱకు మొఱపెట్టుకొనవలసి వచ్చెను. ఈ మాఱు ఎన్నికలు వచ్చినపుడు పార్టీలవారి నెవ్వరిని నమ్మక మనలో నొకనిని నిలబెట్టుదము. తమ యభిప్రాయ మేమి?” అని యడిగెను. ఆయన ప్రక్కనున్న మేనల్లుడు వెంటనే, “మామయ్యా, మనవాడు నిలుచునెడల మన వోట్లు చీలును. మనకు గిట్టనివాడే గెలుచును. అది యెవరికి లాభము?” అనెను. సభ రెండుగా చీలిపోయినది. పురుగు మాట నిజముగనే మఱునాటికి పోయినది.

ఆనాడు మే మిచ్చిన ప్రత్యుత్తరము మాకే తృప్తికరముగా నుండలేదు. కావున ఇచ్చట విపులముగ వ్రాయుచున్నాము. ఈ పత్రిక యే పక్షమునకును చెందినది కాదు. మేమును ఏ పక్షమును సమర్థింప బూనలేదు. పార్టీల పేరులు చెప్పక యీ విషయము చర్చించుట సాధ్యము కాదు గనుక చెప్పుచున్నాము.

మన దేశమున శాసనసభకుగాని లోకసభకుగాని జరుగు ఎన్నికలలో గెలుచుటకు సగము వోట్లు రానక్కఱలేదు. తక్కిన ప్రతి యొక్కనికంటె ఒక్క వోటు అధికముగ వచ్చిన చాలును. ఇద్దఱే పోటీచేసిన యెడల గెలిచినవానికి సగమునకు పైగా వచ్చియే తీరును. మూడవవాడు వచ్చిన తోడనే ఆ లెక్క మాఱును. పోటీ యేకపక్షముగ నున్నపుడు మూడవవాని రాకపోకలవలన నేమియు కాదు. ఇరువురును సమానముగ తూగుచున్నపుడే వానికి విలువ.

అట్టి పోటీలు మన ప్రాంతమున అరుదు కాదు. 2014లో మంగళగిరి శాసనసభా స్థానమున గెలుపొందినవారికి వచ్చిన ఆధిక్యము పండ్రెండు వోట్లు మాత్రమే. పండ్రెండు వోట్లనగా మిరపకాయలు కోయుటకు వచ్చు ఒక కూలీల ముఠాకంటె తక్కువ. 2019లో విజయవాడ మధ్య నియోజకవర్గమున ఆధిక్యము ఇరువదియైదు వోట్లు. అచ్చట జనసేన పొత్తున నిలిచిన మార్క్సిస్టు పార్టీ అభ్యర్థికి వేలకొలది వోట్లు వచ్చినవి. ఆ యేడే మంగళగిరిలో ఆధిక్యము 5,337. అదే పొత్తున నిలిచిన కమ్యూనిస్టు అభ్యర్థికి సుమారు పదివేలు వచ్చినవి. గుంటూరు లోకసభా స్థానమున తెలుగుదేశము అభ్యర్థి 4,205 వోట్ల ఆధిక్యముతో వైయస్సార్ కాంగ్రెసు అభ్యర్థిపై గెలిచెను. మూడవవాడైన జనసేన అభ్యర్థికి లక్షకు పైబడి వచ్చినవి. విదేశములందును ఇట్టివి గలవు. 2000 సంవత్సరమున అమెరికా అధ్యక్ష పదవి ఫ్లోరిడా రాష్ట్రమున 537 వోట్ల తేడాతో తేలెను. అచ్చట మూడవ అభ్యర్థియగు నేడరు గారికి తొంబదియేడు వేలకు పైగా వచ్చియుండెను.

ఈ లెక్కలు వినిన తోడనే మన అరుగులమీది పెద్దలు, “చూచితిరా, మూడవవాడు లేకున్న రెండవవాడే గెలిచియుండును” అని తీర్పు చెప్పుదురు. ఇది తొందరపాటు. మూడవవానికి వోటు వేసినవాడు ఆ మూడవవాడు లేనియెడల ఎవ్వరికి వేసియుండును? కొందఱు ఒకరికి, కొందఱు వేఱొకరికి, కొందఱు వోటే వేయక చేలకు పోయియుందురు. గుంటూరులో ఆ లక్షమంది యెటుపోయియుందురో ఎవ్వరు చెప్పగలరు? గెలిచినవారి ఆధిక్యమే పెరిగియుండవచ్చును.

2019, 2024 ఎన్నికల యంకెలను కలిపి చూచినవారికి ఈ సంగతి తేటపడును. 2019లో వైయస్సార్ కాంగ్రెసుకు నూటికి ఇంచుమించు ఏబది వోట్లును 151 స్థానములును వచ్చెను. తెలుగుదేశమునకు 39, జనసేనకు అయిదున్నర. ఈ రెండింటిని కలిపినను నలువదియైదుకు చేరవు. అనగా ఆ యేడు కొన్ని స్థానములలో చీలిక పనిచేసియుండవచ్చునుగాని రాష్ట్రమంతటి ఫలితమునకు చీలికయే కారణమనుట లెక్కకు నిలువదు. 2024లో తెలుగుదేశము, జనసేన, భారతీయ జనతా పార్టీ ఏకమై 175లో 164 స్థానములను గెలుచుకొనెను. పొత్తువలననే యింత జరిగెనని పలువురందురు. కాని ఆ యేడు మూడు పార్టీలకును కలిసి నూటికి ఏబదియైదు వోట్లు వచ్చినవి. 2019లో విడివిడిగా వచ్చినవి మొత్తము నలువదియైదున్నర. వైయస్సార్ కాంగ్రెసు ఏబదినుండి ముప్పదితొమ్మిదికి దిగెను. నూటికి పదిమంది మనసు మార్చుకొనిరి. చీలిక మానుటవలన కలిగిన లాభము దానికి తోడైనదేగాని దానికి బదులు కాదు.

చీలిక నిజముగ రాష్ట్రపు ఫలితమును తలక్రిందులు చేసిన దాఖలా మనకు కావలెనన్న వెనుకకు పోవలెను. 1952లో మదరాసు శాసనసభకు జరిగిన ఎన్నికలలో ఆంధ్ర జిల్లాలయందు కమ్యూనిస్టులకు నూటికి ఇరువదిరెండు వోట్లే వచ్చినను 41 స్థానములు దక్కెను. ఏమందురా? వారి యెదుటివారి వోట్లు కాంగ్రెసుకు, ప్రకాశం పంతులుగారి ప్రజా పార్టీకి, నిడుబ్రోలు వాస్తవ్యులగు ఆచార్య రంగాగారి కృషికార్ లోక్ పార్టీకి, స్వతంత్రులకు పంచబడినవి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గము శాసనసభలో ఒక్క వోటుతో పడిపోయెను. 1955లో మఱల ఎన్నికలు వచ్చినవి. ఈ మాఱు కాంగ్రెసు, ప్రజా పార్టీ, కృషికార్ లోక్ పార్టీ ఐక్యముగ నిలిచినవి. కమ్యూనిస్టుల వోట్లు ఇరువదిరెండునుండి ముప్పదియొకటికి పెరిగినవి. వారి స్థానములో? 196లో పదునైదు! వోట్లు పెరిగియు స్థానములు మూడవవంతునకు పడిపోయిన యీ వింతను ఎన్నికల శాస్త్రము చదువువారు నేటికిని ఉదాహరింతురు.

మన కిచ్చట ముఖ్యమైనది వేఱొకటి. కృషికార్ లోక్ పార్టీ పేరులోనే కృషీవలుడు గలడు. 1951లో రంగాగారు కాంగ్రెసును వీడి స్థాపించిన ఆ పార్టీకి 1952లో పదునైదు స్థానములు, ఐక్యముగ నిలిచిన 1955లో ఇరువదిరెండు వచ్చినవి. మంత్రివర్గమునను చోటు దొరకెను. కాని కొంతకాలమునకే ఆ పార్టీ కాంగ్రెసులో కలిసిపోయెను. రంగాగారు మఱల బయటికివచ్చి 1959లో రాజాజీతో కూడి స్వతంత్ర పార్టీని స్థాపించిరి. పొత్తువలన రైతుల పార్టీకి స్థానములు పెరిగినవి; పార్టీయే మిగులలేదు. 2009లో చిరంజీవిగారి ప్రజారాజ్యమునకు నూటికి పదునాఱు వోట్లును, 294లో పదునెనిమిది స్థానములును వచ్చినవి; 2011లో అదియును కాంగ్రెసులో కలిసెను. మూడవ పక్షమునకు వోటు వేసినవాడు తన వోటు కడకు ఎచ్చటికి చేరునో విచారింపవలసియున్నది.

ఇక రైతులే నిలిచిన కథ. 2019 లోకసభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీచేసిరి. వారిలో 178 మంది పసుపు, ఎఱ్ఱజొన్న రైతులు. పసుపునకు బోర్డు కావలెనని, తమ పంటలకు గిట్టుబాటు ధర కావలెనని వారి కోరిక. ఒక్కొక్క పోలింగు కేంద్రమున పండ్రెండు బ్యాలెటు యూనిట్లు పేర్చి వోట్లు వేయింపవలసి వచ్చెను. రైతు అభ్యర్థులందఱికిని కలిసి తొంబదివేలకు మించి వోట్లు వచ్చినవి. నాటి ముఖ్యమంత్రిగారి కుమార్తె కవితగారు 70,875 వోట్ల తేడాతో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి అరవిందుగారి చేతిలో ఓడిరి. ఆ వోట్లన్నియు ఆమెకే పడియుండునని మేము చెప్పము. పైన చెప్పిన కారణము ఇచ్చటను వర్తించును. కాని పసుపు మాట దేశమంతటికిని వినబడెను. గెలిచినవారు బోర్డు తెత్తునని వాగ్దానము చేసియే గెలిచిరి. అది 2023లో ప్రకటింపబడి 2025 జనవరిలో నిజామాబాదున ప్రారంభమయ్యెను. మన దుగ్గిరాల పసుపు రైతులకును అది పనికివచ్చునదే. ఆ రైతులలో ఒక్కడును గెలువలేదు. గెలువవలెనని వారు నిలువనులేదు. ఏమి కోరి నిలిచిరో అది ముందే స్పష్టముగ చెప్పియుండిరి.

ఇచ్చట మా తప్పొకటి ఒప్పుకొనవలెను. పది సంవత్సరములకు పూర్వము మేము పనిచేయుచుండిన యొక గ్రామమున ప్రత్తి రైతుల బృందమునకు నాయకుని నెన్నుకొనవలసి వచ్చెను. సభ్యులు నలువదియేడుగురు. ప్రత్తిని ఆరబెట్టి తేమ తగ్గించి అందఱును కలిసి కాటన్ కార్పొరేషను కొనుగోలు కేంద్రమునకు తోలవలెనని ఒక పెద్దమనిషి నిలిచెను. గ్రామములోనే వ్యాపారికి తూచవలెనను పక్షమున ఆ వ్యాపారి బావమఱది నిలిచెను. ఇంతలో చదువుకొన్న యువకు డొకడు మా యొద్దకు వచ్చి తానును నిలువవలెనని యడిగెను. కొనుగోలు కేంద్రమునకే తోలవలెనని యాతని మాటయు. కొత్తరక్తము మంచిదని మేము ప్రోత్సహించితిమి. పెద్దమనిషికి పదునైదు, యువకునికి పదుమూడు, బావమఱదికి పందొమ్మిది వచ్చినవి. ఇరువదియెనిమిదిమంది కొనుగోలు కేంద్రమును కోరినను ఆ యేటి ప్రత్తి వ్యాపారి కాటాకే పోయెను. ఏ రైతును మమ్ము ఒక్క మాట యనలేదు. ఆ సాయంకాలము ఆ పెద్దమనిషి మాకు మజ్జిగ యిప్పించి పంపెను. అది నేటికిని మా మనసున గ్రుచ్చుకొనుచునే యున్నది.

తప్పు యువకునిదా? కాదు. నిలుచుట వాని హక్కు. వానికి వోటు వేసిన పదుముగ్గురిదా? వారును తమ కిష్టమైనవానికే వేసిరి. వోటు వేయు పద్ధతిలోనే లోపము గలదు. ఒక్క పేరుమాత్రమే చెప్పనిచ్చి రెండవ యిష్ట మెవరని యడుగని పద్ధతి యది. అడిగియుండిన ఆ పదుమూడు వోట్లలో నధికభాగము పెద్దమనిషికి చేరియుండును.

ఇట్లడుగు పద్ధతి మనకు క్రొత్త కాదు. కృష్ణా-గుంటూరు పట్టభద్రుల స్థానమునకు శాసనమండలి ఎన్నిక జరుగునపుడు చదువుకొన్న మీ పిల్లలు పేరుల యెదుట ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయుచున్నారు. రాష్ట్రపతి యెన్నికయు నట్టిదే. 1969లో ఇద్దఱు తెలుగువారు, వి. వి. గిరిగారును నీలం సంజీవరెడ్డిగారును, పోటీపడిరి. మూడవవారు సి. డి. దేశముఖుగారు. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశముఖుగారికి 1,12,769 వోట్ల విలువ వచ్చెను. ఎవ్వరికిని సగము రాలేదు. క్రిందివారి నొక్కొక్కరిని తొలగించి వారి వోట్లలోని రెండవ యిష్టములను పంచగా కడకు గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 అయ్యెను. పంచినవానిలో హెచ్చుభాగము రెడ్డిగారికే పోయినను గిరిగారే గెలిచిరి. దేశముఖుగారు వోట్లు చీల్చిరను నింద మాత్ర మెవ్వరును వేయజాలకపోయిరి. ఎవరి వోటు ఎచ్చటికి పోయెనో కాగితముమీదనే యుండెను.

శాసనసభ యెన్నికల పద్ధతిని మార్చుట మన చేతిలోని పని కాదు. మన సంఘపు పాలకవర్గపు ఎన్నికలు సైతము చట్టమునకు లోబడినవి. కాని గ్రామములలో మన మేర్పఱచుకొను ప్రత్తి బృందములకు, మిరప బృందములకు, నీటి వంతుల పెద్దలకు ఈ రెండవ యిష్టపు పద్ధతిని నేడే పెట్టుకొనవచ్చును. చదువురానివారు రెండు రంగుల గింజలను వేసినను చాలును. మేము చదివిన మిషను పాఠశాలలో తరగతి పెద్దను శనగలతోను చింతపిక్కలతోను ఇట్లే యెన్నుకొంటిమి. ఎనిమిదేండ్ల పిల్లలకు తెలిసినది పెద్దలకు తెలియకపోదు.

ఇక ఆ మామామేనల్లుళ్ల ప్రశ్న. మిరప రైతు నొకనిని నిలబెట్టదలచినవారు ముందుగ తమ నియోజకవర్గమున గడచిన మూడు ఎన్నికల ఆధిక్యములను తీసి చూడవలెను. ఆధిక్యము ఏబదివేలున్నచోట నిలిచినను పెద్దపార్టీలు లక్ష్యపెట్టవు. అయిదువేలున్నచోట నిలువబోవుచున్నామని చెప్పినమాత్రముననే రెండు పక్షములవారును మన యరుగువద్దకు వత్తురు. వచ్చినపుడు మిరపకు ధర మాట వ్రాతపూర్వకముగ నడుగవచ్చును. ఇచ్చినవారికి వోటు వేయవచ్చును. ఇద్దఱును ఈయనినాడు నిలువవచ్చును. నిలిచినపిదప గిట్టనివాడు గెలిచెనని యేడ్వరాదు. ఆ మాట ముందే యింటింటికి తిరిగి చెప్పి ఒప్పించుకొని నిలువవలెను. మేనల్లుని భయము అసత్యము కాదు. మామ ఆగ్రహమును అసత్యము కాదు. శాసనసభకు ధరావతు రూ. 10,000లు, లోకసభకు రూ. 25,000లు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి దానిలో సగము. పోలైన వోట్లలో ఆఱవవంతు దాటనియెడల ఆ సొమ్ము పోవును. ఆ సొమ్ము ఒక్కని నెత్తిన పెట్టక చందా వేసికొనుట మంచిదని మా సలహా.

వారము క్రిందట ఆ గ్రామమునకు మఱల పోయితిమి. జిగురు అట్టలు కట్టియుండిరి. మేనల్లుడు తన ఫోనులో పాత ఎన్నికల ఆధిక్యములను చూచి చెప్పుచుండగా మామ తన మిరప లెక్కల పుస్తకపు వెనుకపుటలో వ్రాసికొనుచుండెను.