ఆటలో చచ్చినోడు మళ్లీ లేస్తడు

సాయంత్రం పూట ఏ ఊరి రచ్చకట్ట కాడికైనా పోయి చూడండి. నలుగురు పోరగాండ్లు తలకాయలు దగ్గర పెట్టుకొని సెల్లుల్లోకి చూస్తుంటారు. "నన్ను లేపేసిండురా" అని ఒకడు అరుస్తాడు. కాసేపటికి వాడే మళ్లీ లేచి తుపాకి పట్టుకుంటాడు. చిన్నప్పుడు మనమూ గోలీలాడాం, చిర్రగోనె ఆడాం. ఆట అయిపోయినాక ఎవడూ మనల్ని సంతకం పెట్టమని కాగితం చేతికియ్యలేదు. ఇప్పుడు ఇచ్చేవాళ్లు ఉన్నారు.

తుపాకి ఆటలన్నీ సైన్యం చేసినవి కావు. చాలామటుకు కంపెనీలు అమ్ముకోవడానికి చేసినవే. కాని కొన్నిటి వెనక సైన్యం పైస ఉంది, సైన్యం ఆలోచన ఉంది. ఇది బాహాటంగా జరిగింది అమెరికాలో. అక్కడి సంగతి మన కార్యకర్తలు తెలుసుకోవాలి.

1980లో అటారీ కంపెనీ బ్యాటిల్‌జోన్ అని ట్యాంకుల ఆట తెచ్చింది. నాణెం వేసి ఆడే పెట్టె ఆట. దాన్ని చూసి, సిపాయిల శిక్షణకు ఇలాంటిదే కావాలని సైన్యం తరఫున అడిగారు. ఆట తయారుచేసిన ఎడ్ రాట్‌బర్గ్‌కు అది ఇష్టం లేదు. కాని కొలువులో ఉన్న మనిషి, చేయక తప్పలేదు. 1996లో మెరైన్ దళం వాళ్లు డూమ్ 2 అనే బజారు ఆటను తీసుకొని, అందులోని రాక్షసుల స్థానంలో శత్రు సైనికులను పెట్టి తమ సిపాయిలకు ఇచ్చారు. 1999లో అమెరికా సైన్యం సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో 4 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకొని ఒక సంస్థ పెట్టించింది. సినిమావాళ్లు, ఆటల కంపెనీలవాళ్లు, మిలటరీవాళ్లు అక్కడ ఒక్కచోట చేరారు. అక్కడ పుట్టిందే ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్. ఒక రూపం సిపాయిల శిక్షణకు, ఇంకో రూపం 2004లో జనం కొనుక్కోవడానికి బజారుకు వచ్చాయి.

అసలు సంగతి ఇంకా ఉంది. వియత్నాం యుద్ధం చివర్లో, 1973లో, అమెరికాలో నిర్బంధ సైనిక భర్తీ ఆగిపోయింది. అంటే సిపాయి కావాలంటే మనిషి తనంతట తాను రావాలి. ఎవడు వస్తాడు? చదువుకు పైసలున్నోడి కొడుకు రాడు. కాలేజీ ఫీజు కడతామంటే ఆశపడేవాడు వస్తాడు. అమెరికా జనాభాలో నల్లవాళ్లు నూటికి 13 మంది. సైన్యంలో నూటికి 20 మంది దాకా ఉంటారు. ఇది వాళ్లకు యుద్ధం మీద ఉన్న మోజు కాదు.

1999లో సైన్యానికి కావలసినంత మంది దొరకలేదు. అప్పుడు వెస్ట్ పాయింట్ మిలటరీ అకాడమీలో ఆర్థికశాస్త్రం చెప్పే కేసీ వార్డిన్‌స్కీ అనే అధికారికి ఒక ఆలోచన తట్టింది. పిల్లలు ఉన్నచోటికే సైన్యం పోవాలి, అంటే ఆటలోకి పోవాలి. 2002 జులై 4న, వాళ్ల స్వాతంత్ర్య దినం నాడే, 'అమెరికాస్ ఆర్మీ' అనే ఆట విడుదల చేశారు. పూర్తిగా ఉచితం. ఊరకే రారు మహానుభావులు అంటారు కదా, సర్కారోళ్లు ఊరికే ఇస్తారా? 2009 నాటికి ఆ ఆట మీద 3 కోట్ల 28 లక్షల డాలర్ల ప్రజాధనం ఖర్చయింది. పదమూడేండ్ల పిల్లలు ఆడొచ్చన్నారు. సైన్యంలో చేరే వయసేమో 17, అది కూడా తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే. అంటే సంతకం చేసే వయసుకు నాలుగేండ్ల ముందే మనసు దున్ని పెట్టుకుంటున్నారన్నమాట.

ఆ ఆటలో ఒక కిటుకు ఉంది. రెండు జట్లు కొట్లాడతాయి. నువ్వు ఏ జట్టులో ఉన్నా నీ కంటికి నువ్వు అమెరికా సిపాయివే. ఎదుటోడే శత్రువు. వాడి కంటికి వాడు అమెరికా సిపాయి, నువ్వు శత్రువు. శత్రువు సంగతి ఎవడికీ తెలియాల్సిన పని లేదు. వాడి ఊరేది, వాడింట్లో ఎవరున్నారు, వాడి ఊళ్లోకి మనం ఎందుకు పోయాం, ఇవేవీ ఆటలో లేవు. నెత్తురు కూడా లెక్కకు ఇంత అని చూపిస్తారు. కాలు తెగినోడి అరుపు లేదు. శవాన్ని ఇంటికి తెచ్చే పెట్టె లేదు.

ఆ పెట్టెలను ఒక మనిషి ఆటలోకి తెచ్చాడు. 2006లో జోసెఫ్ డెలాప్ అనే కళాకారుడు 'ఇరాక్‌లో చచ్చినవాడు' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకొని ఆ ఆటలోకి దిగాడు. తుపాకి కింద పడేసి నిలబడి, ఇరాక్‌లో చనిపోయిన అమెరికా సిపాయిల పేర్లు ఒక్కొక్కటే టైపు చేశాడు. తోటి ఆటగాళ్లు తిట్టారు, కాల్చారు. ఆట మళ్లీ మొదలైతే మళ్లీ టైపు చేశాడు. ఇట్లా ఏండ్లకేండ్లు, వేల పేర్లు. ఆట భరించలేనిది అదే, చచ్చినోడి పేరు.

ఇంకో చేదు నిజం. ఇరాక్ నుంచి మనసు చెదిరి తిరిగొచ్చిన సిపాయిలకు వైద్యం చేయడానికి అదే కాలిఫోర్నియా సంస్థలో 'వర్చువల్ ఇరాక్' అని ఒకటి తయారుచేశారు. దానికి ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్ బొమ్మలనే వాడుకున్నారు. వైద్యం చేయడం తప్పు కాదు. కాని యుద్ధానికి తయారుచేసిన బొమ్మలే యుద్ధంలో చెడినోడికి మందయినాయంటే ఆలోచించాలి.

అక్కడి జనం ఊరుకోలేదు. 2008లో ఫిలడెల్ఫియాలో ఒక పెద్ద బజారు భవనంలో సైన్యం ఆటల కేంద్రం తెరిస్తే నిరసనలు జరిగాయి. 2010లో దాన్ని మూసేశారు. 2020లో ట్విచ్ అనే ఆటల వేదికలో సైన్యం జట్టును కొందరు యుద్ధ నేరాల గురించి అడిగారు. అడిగినవాళ్లను బయటికి నెట్టారు. బహుమతి ఉందని నొక్కితే భర్తీ ఫారం తెరుచుకుంటోందని కూడా బయటపడింది. ఆ ఏడే అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ ఈ పద్ధతిలో భర్తీకి పైసలివ్వొద్దని వాళ్ల పార్లమెంటులో సవరణ పెట్టింది. 126 మంది అవునన్నారు, 292 మంది కాదన్నారు. 'అమెరికాస్ ఆర్మీ' 2022లో మూతపడింది. ఆలోచన మూతపడలేదు.

"విమానం నడిపేవాడు ముందు ఉత్తుత్తి విమానంలో నేర్చుకుంటే ప్రాణాలు మిగులుతాయి కదా" అంటారు. నిజమే. చేరినవాడికి ఎట్లా నేర్పుతారనేది వేరే సంగతి. మన పేచీ, ఇంకా చేరని పిల్లవాడి దగ్గర చావును దాచిపెట్టడంతోనే.

ఇక మన దేశం. మన వైమానిక దళం కూడా 2014లో ఒక ఆట, 2019 జులైలో ఇంకో ఆట సెల్లులకు తెచ్చింది. యువకులను ఆకర్షించడానికేనని దాచుకోకుండా చెప్పారు. మన పిల్లలు తెల్లారకముందే రోడ్ల మీద పరుగులు పెట్టేది మాత్రం ఆట చూసి కాదు, నౌకరీ లేక. 2022లో అగ్నిపథ్ తెచ్చి, నాలుగేండ్ల కొలువన్నారు, ఆ తర్వాత నూటికి 25 మందినే ఉంచుకుంటామన్నారు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో కోపం భగ్గుమంది. కాల్పుల్లో ఒక వరంగల్ బిడ్డ పోయాడు. వాడు మళ్లీ లేవలేదు. మిగతా 75 మంది ఇంటికొచ్చి ఏం చేయాలో ఏ ఆటా చూపదు.

కార్యకర్తలారా, పిల్లల చేతిలో సెల్లు గుంజుకోవద్దు. గుంజుకుంటే చాటుకుపోయి ఆడతారు. పక్కన కూర్చోండి. ఆట నడుస్తుండగానే అడగండి: ఈ ఆట ఎవడు చేసిండు? వాడికేం లాభం? నువ్వు కాల్చినోడిది ఏ ఊరు? వాడి పేరేంది?

జవాబు రాదు. అక్కడే మన మాట మొదలుపెట్టాలి.