సందు చివరి దుకాణం ఎవరికి అడ్డం?

కొత్త కాలనీలో ఇల్లు తీసుకున్నవాళ్లు మొదటి వారంలో పక్కింటివాళ్లను అడిగేవి ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. నల్లా నీళ్లు ఎన్ని గంటలకు వదులుతారు? పనమ్మాయి దొరుకుతుందా? కూరగాయలు ఎక్కడ తెచ్చుకుంటారు? చివరి ప్రశ్నకు ఈమధ్య జవాబు తేలికైపోయింది. ఫోన్‌లో ఏదో ఒక యాప్ పేరు చెప్పి ఊరుకుంటున్నారు. సౌకర్యమే, కాదనలేం. కాకపోతే ఆ జవాబు అంత తేలిగ్గా నోటికి రావడానికి ముందు చాలా జరిగింది. నడిచి వెళ్లి కొనుక్కునే చోట్లను మనమే ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వచ్చాం.

హైదరాబాద్‌కు ఈశాన్యాన ఉన్న సైనిక్‌పురి, దాన్ని ఆనుకున్న ఏఎస్ రావు నగర్‌లను చూస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. మొదటిది మాజీ సైనికులు, సైనికాధికారులు స్థిరపడిన చోటు. విశాలమైన ప్లాట్లు, రోడ్డుకు రెండువైపులా చెట్లు, మధ్యాహ్నం పూట కుక్క మొరిగినా రెండు వీధులవతలికి వినపడేంత ప్రశాంతత. రెండోది 1967లో ఏర్పాటైన ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ అండన పెరిగింది. ఆ సంస్థను నిలబెట్టిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు పేరే కాలనీకి పెట్టారు. ఒకటో తారీఖు జీతం, నెలకోసారి సరుకులు... ఇదీ అప్పటి ఉద్యోగి కుటుంబాల పద్ధతి. మాజీ సైనికులకైతే కంటోన్మెంట్ వైపు మిలిటరీ క్యాంటీన్ ఉండనే ఉంది. సబ్బుల నుంచి సీసాల దాకా కార్డు చూపించి తక్కువ ధరకు తెచ్చుకోవచ్చు. నెల సరుకులకు లోటు లేదు. మధ్యలో అయిపోయే ఉప్పుకి, పాల ప్యాకెట్‌కి, పోపులోకి కరివేపాకుకి ఎక్కడికి వెళ్లాలన్నదే ఇబ్బంది.

ఆ ఇబ్బందిని ప్రభుత్వం తీర్చలేదు, కార్పొరేషన్ తీర్చలేదు. మూలమీది ఇంటాయన కారు షెడ్డుకు షట్టర్ బిగించి మడిగె చేశాడు. అందులోకి ఒక కిరాణా వచ్చింది, దాని పక్కన పిండి గిర్నీ, ఎదురుగా చింతచెట్టు కింద ఇస్త్రీ బండి. ఉదయం ఏడింటికి ఆకుకూరల బండి, ఎనిమిదింటికి పూలు. హైదరాబాద్ శివారు కాలనీల్లో స్థానిక వ్యాపారం దాదాపు ఇలాగే పుట్టింది. మాస్టర్ ప్లాన్ చూసి పెట్టినవి కావవి. అవసరం చూసి పెట్టినవి. అందుకే వాటికి కాగితం మీద బలం తక్కువ. ఎవరు ఫిర్యాదు చేసినా ముందు కదిలేవి అవే.

మూలమీది కిరాణా చచ్చిపోతుందని చాలాసార్లు జాతకం చెప్పారు. 1986లో మొదలైన త్రినేత్ర సూపర్‌మార్కెట్లు మన నగరానికి కొత్త అలవాటు నేర్పాయి. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ దేశంలోనే తొలి దుకాణాలను హైదరాబాద్‌లో తెరిచినప్పుడు చిన్న వ్యాపారులు వణికిపోయారు. ఆ మరుసటి ఏడాది త్రినేత్ర ఆదిత్య బిర్లా గ్రూపు చేతిలోకి వెళ్లింది. 2012లో బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలోకి 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు మళ్లీ అదే భయం. ఆ తర్వాత డీమార్ట్. ఇన్ని వచ్చినా కిరాణా నిలబడింది. నిలబడటానికి కారణం ధర కాదు, ధరలో అది ఎప్పుడూ ఓడిపోతూనే ఉంది. సూపర్‌మార్కెట్ తీసుకెళ్లింది నెల సరుకుల బేరాన్ని. సందు చివరి కొట్టుకు మిగిలింది అడపాదడపా కొనే చిల్లర బేరం: పావుకిలో చక్కెర, రెండు గుడ్లు, షాంపూ పొట్లం, పిల్లవాడి చేతికిచ్చి పంపే పది రూపాయలు. దానికి తోడు ఖాతా పుస్తకం. పాత నోట్ల రద్దు వచ్చిన 2016 నవంబరులో ఆ పుస్తకం ఎన్ని ఇళ్ల పొయ్యి వెలిగించిందో ఆ వీధుల్లో ఉన్నవాళ్లకు తెలుసు.

ఇప్పటి పోటీ వేరు. ఇన్‌స్టామార్ట్, బ్లింకిట్, జెప్టో వంటి యాప్‌లు చేయి వేసింది సరిగ్గా ఆ మిగిలిన చిల్లర బేరం మీద. పొయ్యి మీద పోపు మాడేలోపు కొత్తిమీర వస్తుందన్నదే వాటి ప్రచారం. నెల సరుకులు పోయినా బతికిన కిరాణా, ఈ చిన్న బేరం కూడా పోతే దేనితో అద్దె కడుతుంది? సంచుల నిండా పెట్టుబడి ఉన్న సంస్థలు నష్టానికి అమ్మి అలవాటు చేస్తున్నాయన్నది పంపిణీదారుల ఆరోపణ. వారి అఖిల భారత సమాఖ్య 2024లో కాంపిటీషన్ కమిషన్ దాకా వెళ్లింది. న్యాయం ఎటుందో కమిషన్ తేల్చాలి. మన వీధిలో ఏం జరుగుతోందో చూడటానికి మాత్రం కమిషన్ అక్కర్లేదు.

ఈ యాప్‌ల సరుకు ఆకాశం నుంచి ఊడిపడదు. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలో గోదాము ఉండాలి. మెయిన్ రోడ్డు మీద అద్దె ఎక్కువ కనుక అది లోపలి వీధుల్ని వెతుక్కుంటుంది. సగం దించిన షట్టర్, బయట బోర్డు ఉండీ లేనట్టు, లోపల అరల మధ్య పరుగులు. ముందు వరుసగా బైకులు, బండి సీటు మీద కూర్చుని తర్వాతి ఆర్డర్ కోసం ఫోన్ చూసుకుంటున్న కుర్రాళ్లు. వాళ్లకు కూర్చునే చోటు లేదు, మూత్రానికి వెళ్లే చోటు లేదు, తాగడానికి నీళ్లు ఏ వాచ్‌మన్ దయో. అర్ధరాత్రి దాకా హారన్లు. ఆ కుర్రాళ్లను తిట్టి ప్రయోజనం లేదు, నిమిషాల లెక్క వాళ్లది కాదు. విడ్డూరం ఏమిటంటే, తోపుడు బండి కేకతో ప్రశాంతత పోతోందని ఫిర్యాదు చేసిన కాలనీలే ఈ బైకులకు గేటు తీస్తున్నాయి. గోదాములోకి మీరు వెళ్లలేరు. వంకాయ ముచ్చిక పచ్చగా ఉందో లేదో చూడలేరు. కొంటున్న వీధిలోనే ఉన్నా ఆ దుకాణానికి మీరు ఇరుగుపొరుగు కారు.

మెయిన్ రోడ్డు సంగతి ఇంకోలా ఉంది. సైనిక్‌పురి పాత బంగ్లాలు కొన్నేళ్లుగా కెఫేలుగా, బొటిక్‌లుగా మారుతున్నాయి. వాటి మీద నాకు కోపమేమీ లేదు, మంచి కాఫీ ఎవరికి చేదు? కానీ అవి కాలనీవాళ్ల కోసం వచ్చినవి కావు, నగరం నలుమూలల నుంచి కార్లలో వచ్చేవాళ్ల కోసం వచ్చినవి. వాటి అద్దెలతో పోటీపడి పచారీ కొట్టు అక్కడ నిలవలేదు. చెప్పు తెగితే కుట్టించుకోవడానికి, ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ కోసం, జాకెట్టు ముక్కకు లైనింగ్ గుడ్డ కోసం ఈసీఐఎల్ చౌరస్తా దాకా, లేదంటే కుషాయిగూడ దాకా పోవాలి. స్కూటరు నడిపేవాళ్లకు ఇది లెక్కలోకి రాదు. డెబ్బై దాటి, పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న దంపతులకు లెక్కే. ఇలాంటివాళ్లు ఈ కాలనీల్లో తక్కువేం లేరు. ఎవరి సాయమూ అడగకుండా కర్ర ఊతంతో వెళ్లి రాగలిగిన దుకాణం వాళ్లకు సరుకుల కంటే ఎక్కువే ఇస్తుంది. రెండు రోజులు కనిపించకపోతే "పెద్దాయన రాలేదేంటి" అని అడిగే మనిషి కౌంటర్ వెనకాల ఉంటాడు.

ఎక్కడ ఏది కొనాలన్న దానికి నా మటుకు లెక్క ఇదీ. బియ్యం, పప్పులు, నూనె సూపర్‌మార్కెట్‌లోనో రైస్ డిపోలోనో బస్తా లెక్కన తెచ్చుకోవడమే మేలు. అందులో సెంటిమెంట్ అక్కర్లేదు. మందులు తెలిసిన మెడికల్ షాపులోనే, యాప్ ఎంత తగ్గింపు ఇచ్చినా సరే. ఆకుకూరలు మాత్రం బండి దగ్గర. గోంగూర కట్ట విప్పి చూడనిస్తుంది ఆ బండి ఆవిడ. "ఇయ్యాల పాలకూర ముదిరింది, వద్దులే అక్కా, చుక్కకూర తీస్కో" అని తన సరుకు తానే వద్దంటుంది. చివర్న నాలుగు పచ్చిమిరపకాయలు, కరివేపాకు రెబ్బ కొసరు వేస్తుంది. యాప్‌లో ఆ కరివేపాకుకు కూడా ధర ఉంది, దానికో ప్లాస్టిక్ కవరు ఉంది. ఇక వేసవి వస్తే ఆవకాయ. కాయ కొని, అక్కడే పెద్ద కత్తిపీట వేసుక్కూర్చున్న మనిషి చేత టెంకతో సహా ముక్కలు కొట్టించుకుని, అక్కడికక్కడే తుడుచుకుని తెచ్చుకోవాలి. కారం గిర్నీలో మన కళ్లముందు ఆడించుకోవాలి. ఈ పని ఏ గోదామూ చేసిపెట్టదు.

అలాంటి పనికి అసలు చోటు రైతుబజారు. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరిలో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ ఏర్పాటు పార్టీలు మారినా, రాష్ట్రం విడిపోయినా రెండుచోట్లా నిలబడింది. పథకాల ఆయుష్షు తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. గుర్తింపు కార్డున్న రైతు తన పంట తానే అమ్ముకుంటాడు. ఆ రోజు ధర హోల్‌సేల్ కన్నా కాస్త ఎక్కువగా, బయటి చిల్లర ధర కన్నా తక్కువగా నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, వనస్థలిపురం బజార్లు తెల్లవారకముందే కిటకిటలాడతాయి. లోపం ఎక్కడంటే, నగరం పెరిగినంతగా అవి పెరగలేదు. 2007లో ఈ కాలనీలున్న కాప్రాతో సహా పన్నెండు మున్సిపాలిటీలను హైదరాబాద్‌లో కలిపి గ్రేటర్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) చేశారు. శివార్లు నగరమయ్యాయి. కానీ నడిచి వెళ్లేంత దూరంలో రైతుబజారు ఉన్న కాలనీలు ఇప్పటికీ వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. మనవాళ్లకు బజారు అనగానే ఎకరాల స్థలం, ప్రారంభోత్సవం, శిలాఫలకం గుర్తొస్తాయి. వారానికి రెండు ఉదయాలు ఒక వీధిని మూసి పది మంది రైతులను కూర్చోబెట్టడానికి ఇవేవీ అక్కర్లేదు. వారపు అంగడి మనకు కొత్త విద్య కాదు, నగరంలో చాలా బస్తీలు ఇప్పటికీ దానిమీదే బతుకుతున్నాయి.

బండ్ల విషయంలో చట్టం ఇప్పటికే ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల రక్షణ చట్టం ప్రకారం సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. వేరేచోటికి తరలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఎక్కడ అమ్మవచ్చో, ఎక్కడ కూడదో పట్టణ వెండింగ్ కమిటీ సలహాతో తేల్చాలి. ఆ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు. మన కాలనీ సంఘాల పెద్దలు చాలామంది గమనించనిది ఒకటుంది: నివాసుల సంక్షేమ సంఘాలకూ ఆ కమిటీలో ప్రాతినిధ్యం ఉంది. అంటే బండి ఎక్కడ నిలవాలో కూర్చుని మాట్లాడుకునే బల్ల చట్టమే వేసింది. ఆ బల్ల దగ్గరకు వెళ్లకుండా గేటుకు "అమ్మకందారులకు ప్రవేశం లేదు" అని బోర్డు తగిలించడం మనకు అలవాటైంది.

భద్రత మాటేమిటి అంటారు. దొంగతనాల భయం నిజమే, శివారు కాలనీల్లో తాళం వేసిన ఇళ్లు ఎక్కువ. అయితే ఇరవై ఏళ్లుగా ఒకే మూల మీద కూర్చున్న ఇస్త్రీ ఆయనకు ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏ బండి కొత్తదో తెలుసు. సీసీ కెమెరా జరిగాక చూపిస్తుంది, ఆయన జరగకముందే "ఎవరు కావాలి బాబూ?" అని అడుగుతాడు. రోజుకో కొత్త ముఖం హెల్మెట్ పెట్టుకుని వచ్చే ఏర్పాటును భద్రమనుకుని, ముఖం తెలిసిన మనిషిని అనుమానించడం ఏం తెలివి? చెత్త, ట్రాఫిక్ అభ్యంతరాలు ఇంతకంటే గట్టివి. వాటికి మందు చోటు గీసి ఇవ్వడం, సమయం పెట్టడం, చెత్తబుట్ట పెట్టించడం. తరిమేస్తే బండి పోదు, మలుపు దగ్గర ఇంకా ప్రమాదకరమైన చోట నిలబడుతుంది.

నగరపాలక సంస్థ చేయగలిగిందీ ఉంది. ట్రేడ్ లైసెన్స్ రుసుమును దుకాణం విస్తీర్ణాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి లెక్కగడుతున్నారు. అంటే చిన్నదీ పెద్దదీ ఒకటి కాదని అధికారులకు తెలుసు. అదే తెలివి మిగతా నిబంధనల్లోనూ కనిపించాలి. వందో రెండొందలో చదరపు అడుగుల కిరాణాను, గిర్నీని, కుట్టు మిషన్‌ను ఇళ్ల మధ్య సగౌరవంగా ఉండనివ్వాలి. రాత్రింబగళ్లు బైకులు తిరిగే గోదామును మాత్రం వెడల్పాటి రోడ్డు మీదకు పంపాలి, కుర్రాళ్లకు నీడ, మరుగుదొడ్డి ఉంటేనే అనుమతివ్వాలి. అప్పటి ప్యారిస్ మేయర్ ఆన్ హిడాల్గో 2020 ఎన్నికల్లో పదిహేను నిమిషాల నగరం అన్న మాటతో జనం ముందుకు వెళ్లారు. కావలసినవన్నీ నడకలోనో సైకిల్ మీదో పావుగంటలో అందాలన్నది దాని సారం. మన మూలమీది మడిగె, ఉదయపు బండి ఏ నినాదమూ లేకుండానే ఆ పని చేస్తున్నాయి.

కాలనీ సంఘాల కార్యవర్గాలకు ఒక మాట. వచ్చే సమావేశం ఎజెండాలో కెమెరాలు, గేట్ల పక్కన ఇంకో అంశం రాసుకోండి: మన వీధుల్లో ఆకుకూరల బండికి, ఇస్త్రీకి, చెప్పులు కుట్టే మనిషికి చోటు ఎక్కడ ఇద్దాం, ఏ వేళల్లో ఇద్దాం. తీర్మానం చేసి వెండింగ్ కమిటీకి పంపండి. గేటు మీది బోర్డు ఆ రోజే దింపేయండి.