చేద తెచ్చుకుంటేనే బావి

పంచితే జ్ఞానం పెరుగుతుంది గనుక అడిగినవాడికల్లా చెప్పి తీరవలసిందేనని కొందరి వాదం. ఇందులో సగమే నిజం. పంచితే జ్ఞానం పెరగవచ్చు గానీ, పంచేవాడి పొద్దు పెరగదు గదా!

శాసనాలూ పాత ప్రతులూ చదివే పెద్దలకు వచ్చే ఉత్తరాలను అప్పుడప్పుడూ చూస్తుంటాను. "రాయలసీమ శాసనాల వివరాలన్నీ పంపగలరు. ఎల్లుండిలోగా కావాలి." అంతే! ఒక సంబోధన లేదు. అడిగేవారెవరో, ఎందుకో, అప్పటికేం చదివారో లేదు. పైగా అదే ఉత్తరం పదిమందికి. దీన్ని అడగడం అనరు, పురమాయించడం అంటారు.

మరి అడగడమంటే? కర్నూలు సీమలో, గుత్తికి చేరువనున్న ఎర్రగుడి అశోక శాసనాలనే తీసుకోండి. "ఎర్రగుడి గురించి చెప్పండి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలి? "అక్కడి లఘు శిలాశాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. ఫలానా పుస్తకంలో దీనికి కారణం వెతికాను, దొరకలేదు. ఇంకెక్కడ చూడమంటారు?" అని అడిగితే ఏ పండితుడైనా రాత్రి నిద్ర మానుకునైనా జవాబు రాస్తాడు. మొదటిది బరువు, రెండోది విందు.

కడపలో సి.పి. బ్రౌను ఏం చేశాడో గుర్తు చేసుకుందాం. 1820లో ఆ ఊరికి వచ్చిన కంపెనీ ఉద్యోగి ఆయన. అధికారం చేతిలో ఉంది. "వేమన పద్యాలు తెచ్చి పడేయండి" అని హుకుం జారీ చేసి ఊరుకోవచ్చు. అలా చేయలేదు. తానే ప్రతులు సేకరించాడు, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి వాటిని సరిపోల్చే పని పెట్టాడు, తానూ వాళ్ళ పక్కన కూర్చున్నాడు. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయంటే దాని వెనక ఈ కష్టముంది. ఆయన బంగళా ఉన్నచోటే ఇవాళ ఆయన పేరిట గ్రంథాలయం నిలిచింది.

"దొర గనుక డబ్బు పెట్టాడు, మా దగ్గరేముంది?" అనకండి. నేనడుగుతున్నది డబ్బు కాదు, ముందుగా పడవలసిన కాస్త శ్రమ.

"ఇన్ని నియమాలు పెడితే కొత్తవాళ్ళు జంకరా?" అని మరో ఆక్షేపణ. తెలియకపోవడం తప్పని నేననలేదు. "నేను కొత్త. ఇంతవరకు వెతికాను, ఇక్కడ ఆగిపోయాను" అన్న ఒక్క వాక్యం చాలు. అలా వచ్చినవాణ్ణి వెక్కిరించే పండితుడిది అంతకన్నా పెద్ద అమర్యాద. జవాబు చెప్పే తీరిక లేకుంటే, ఏ పుస్తకం చూడాలో చెప్పి పంపవచ్చు గదా!

ఇక అందరూ మరిచేది ఆఖరి మర్యాద. జవాబు అందాక అది పనికొచ్చిందో లేదో, చివరికి ఏం తేలిందో తిరిగి రాయాలి. ధన్యవాదాల కోసం కాదు. రేపు అదే ప్రశ్నతో వచ్చే మరొకరికి దారి దొరకడం కోసం.

వానలు తప్పిన మన సీమలో నీటి విలువ వేరే చెప్పనక్కరలేదు. బావి దగ్గరికి వచ్చేవాడు తాడూ చేదా తెచ్చుకోవాలి. అవి ఉండీ తోడుకోవడం చేతకానివాడికి ఒక చెయ్యి వేయడానికి అందరూ సిద్ధమే. ఉత్త చేతులతో వచ్చి, గట్టున కూర్చుని "పొయ్యండి" అనేవాడితోనే నా పేచీ.