బీరువాలో పాస్‌పోర్టు నిద్రపోతోందా?

ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే గుణదల మేరీమాత ఉత్సవాలకు లక్షలాది మంది వస్తారు. కొండెక్కే వాళ్లను ‘మీ కార్డేదీ’ అని ఎవరూ అడగరు. అదే గుణదల నుంచి జెరూసలేం యాత్రకో, అమెరికాలో ఉన్న కూతురి పురిటికో బయల్దేరితే మాత్రం మొదటి ప్రశ్న అదే. అప్పుడు ఆధార్ తీసి చూపిస్తే కుదరదు. గడువు తీరిన పాస్‌పోర్టు తీసినా కుదరదు.

‘అదేంటండీ! ఫొటో నాదే, పేరు నాదే, మనిషినీ నేనే కదా’ అంటారు కొందరు. నిజమే. కానీ ఆధార్ మీరెవరో చెబుతుంది, మీరే దేశ పౌరులో చెప్పదు. పాస్‌పోర్టు రెండూ చెబుతుంది. ‘ఈయన మావాడే’ అంటూ మన ప్రభుత్వం పరాయి దేశానికిచ్చే మాట అది. గడువు దాటితే ఆ మాటకూ కాలం చెల్లినట్టే. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టో ప్రయాణ పత్రమో లేకుండా దేశం దాటకూడదని 1967 నాటి పాస్‌పోర్టు చట్టం చెబుతోంది. అందుకే విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. పెట్టెలో ఆవకాయా సున్నుండలూ ఎంత భద్రంగా సర్దుకున్నా సరే, తిరుగుముఖం పట్టాల్సిందే!

నేపాల్ కాస్త చుట్టరికం చూపిస్తుంది. పశుపతినాథుడి దర్శనానికి వెళ్లే మనవాళ్లకు పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు గుర్తింపు కార్డు చాలు. 15 ఏళ్లలోపు పిల్లలకూ, 65 దాటిన పెద్దలకూ ఆధార్ సరిపోతుందని 2019లో కేంద్రం వెసులుబాటు ఇచ్చింది. అంటే తాతయ్యకూ మనవడికీ ఇబ్బంది లేదు. వాళ్లను తీసుకెళ్లే నాన్న మాత్రం ఆధార్‌ని నమ్ముకుంటే చిక్కే.

గడువు తీరకపోయినా తంటా ఉంది. సింగపూర్, దుబాయ్ లాంటి చోట్లకు వెళ్లాలంటే పాస్‌పోర్టుకు ఇంకా ఆర్నెల్లు గడువుండాలి. ‘వచ్చే నెలదాకా ఉందిగా’ అంటే అక్కడ చెల్లదు.

అమెరికా వెళ్లొచ్చే అమ్మానాన్నలకు మరో సందేహం. పాస్‌పోర్టు పదేళ్లకు ముగిసింది, అందులోని వీసాకు ఇంకా గడువుంది. మరి వీసా పోయినట్టేనా? కాదు. కొత్త పాస్‌పోర్టు తీసుకుని, పాతదాన్నీ వెంట తీసుకెళ్తే ఆ వీసా చెల్లుతుంది. పాతదే కదా అని పారేయకండి, వీసా పేజీ చిరగనివ్వకండి.

అసలు కష్టం పరాయి దేశంలో ఉన్నప్పుడు వస్తుంది. అర్ధరాత్రి ‘నాన్నకు బాగోలేదురా’ అని ఫోను. తీరా చూస్తే కొడుకు పాస్‌పోర్టు గడువు ఎప్పుడో దాటింది. అలాంటప్పుడు మన రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. గల్ఫ్‌లో మనవాళ్లు ఔట్‌పాస్ అనేది దీన్నే. యజమాని దగ్గర పాస్‌పోర్టు చిక్కుకుపోయిన వాళ్లూ, గడువు తీరిన వాళ్లూ యూఏఈ 2018లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఈ కాగితంతోనే ఇల్లు చేరారు. అయితే అది ఇంటికి చేరుస్తుందే తప్ప మళ్లీ వెనక్కి తీసుకెళ్లదు. నాన్నను చూసుకుని ఉద్యోగానికి తిరిగి వెళ్లాలంటే కొత్త పాస్‌పోర్టు రావాలి. వీసా సంగతీ చూసుకోవాలి. అందాకా ఎదురుచూపులే.

దాహమేసినప్పుడు బావి తవ్వడం ఎందుకు? గడువుకు ఏడాది ముందు నుంచే కొత్తదానికి దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు, చిన్నపిల్లలది అయిదేళ్లే. ఇంట్లో అందరిదీ ఒకేసారి తీసుకున్నా పిల్లలది ముందే ముగుస్తుందన్నమాట. ఈ ఆదివారం భోజనాలయ్యాక బీరువా తెరిచి ఒక్కొక్కరి తేదీ చూడండి. పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే ఆ తేదీలూ రాసి పెట్టండి. దూరాన ఉన్న పిల్లలకు ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా’ తర్వాత ‘పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉందిరా’ అని కూడా అడగండి.